ఇంటిల్లిపాదికీ గజ్జి, ఒక్క అవ్వకు తప్ప

గజ్జి అని నోరు తెరిచి చెప్పడానికి మనకు నామోషీ. బీపీ, షుగరు అయితే పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెప్పుకుంటాం. గజ్జి దగ్గరికొచ్చేసరికి "ఏదో స్కిన్ అలర్జీలే" అని దాటేస్తాం. మా ఇంట్లోనూ చాన్నాళ్ళు దాని పేరు అలర్జీనే.

నాది ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల మీద పని. రాత్రిళ్ళు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకుంటూ షెడ్డులోనే పడుకోవాలి. వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ దురద మొదలైతే అందరూ ఉప్పునీళ్ళ మీదకు తోశారు. అమ్మేమో నంజు అని వంకాయ, గోంగూర, ఎండుచేపలు మాన్పించింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు హాయిగా ఉండేది, ఆపగానే రెట్టింపయ్యేది. పగలు ఎట్టాగో గడిచిపోయేది. పక్క మీద ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, తెల్లార్లూ గోకుడే. ఆ తర్వాత మా ఆవిడకు, పాపకు కూడా వచ్చింది. వాళ్ళు గుంటల దగ్గరికే రారు, ఇక ఉప్పునీళ్ళ మీద వంక పెట్టేదెట్టా?

నెల్లూరులో చర్మం డాక్టరమ్మ నా మణికట్టు మీద చిన్న లైటున్న భూతద్దం పెట్టి నన్నే చూడమంది. పెన్సిల్‌తో గీసినట్టు వంకరగా ఒక సన్నగీత, దాని చివర గోధుమరంగులో చిన్న త్రికోణం. గజ్జి తెచ్చేది ఒక పురుగు, ఆ త్రికోణమే దాని ముందుభాగమట. మొత్తం పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. అది పొర లోపల ఉంటుంది కాబట్టి రెండు పూటలా సబ్బు రుద్ది స్నానం చేసినా పోదు.

"ఇంత దద్దు వచ్చిందంటే ఒంట్లో వేల పురుగులున్నాయా మేడం?" అన్నాను. మామూలు గజ్జిలో ఒళ్ళంతా కలిపి పెద్ద పురుగులు పది పదిహేనే ఉంటాయంది. మరి ఈ దురదంతా ఎక్కడిది? మన ఒంటిదే. పురుగు ఉమ్మి, దాని పెంట, గుడ్లు మన రోగనిరోధక వ్యవస్థకు పరాయి సరుకు. వాటిని గుర్తుపట్టాక టీ కణాలు, ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి వాపు పుట్టిస్తాయి. అందుకే పురుగు లేని చోట కూడా, పొట్ట మీద, తొడల మీద దద్దు లేస్తుంది. పురుగూ తక్కువది కాదు. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను అడ్డుకునే పదార్థాలు వదులుతుందట. మెడికల్ షాపు ట్యూబులో ఉన్నది స్టిరాయిడ్. అది పురుగును ఏమీ చేయదు, మన స్పందనను మాత్రం అణిచిపెడుతుంది.

మొదటిసారి సోకినప్పుడు ఆ గుర్తుపట్టడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మనిషికి దురద తెలియదు, పక్కవాళ్ళకు మాత్రం అంటిస్తాడు. కాబట్టి గజ్జి ఇంట్లోకి ఎవరు తెచ్చారనే పంచాయితీ దండగ. మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ ఒప్పుకోదు.

డాక్టరమ్మ రాసిచ్చింది పురుగును చంపే పర్మెత్రిన్ క్రీము. మెడ నుంచి అరికాలి దాకా రాత్రి పట్టించి పొద్దున కడుక్కోవడం, వారానికి మళ్ళీ ఒకసారి. ఇంట్లో అందరం ఒకే రాత్రి రాసుకోవాలంది. రాసుకున్నాం, ఒక్క అవ్వ తప్ప. "నాకేం దురదా పాడా, ఆ జిడ్డు నాకొద్దు" అంది. ఎనభై దాటిన మనిషి, ఎవరూ బలవంతం చేయలేదు. దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికి ఎండేశాం. నెల తిరిగేసరికి దురద తగ్గింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. అవ్వకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాను. మర్నాటికే నాకు వేళ్ళ సందుల్లో మంట. ఇంత తొందరగానా అని మళ్ళీ నెల్లూరు పరిగెత్తాను. ఒకసారి గుర్తుపట్టిన ఒళ్ళు రెండోసారి ఒకటి రెండు రోజుల్లోనే లేస్తుందంది డాక్టరమ్మ. 1941లో, యుద్ధం రోజుల్లో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెల్లన్‌బీ అనే శాస్త్రవేత్త వాలంటీర్లకు గజ్జి అంటించి చూసిన సంగతి ఇదేనట. కొత్తవాళ్ళకు నెల దాకా దురద లేదు. మళ్ళీ సోకినవాళ్ళకు వెంటనే వచ్చింది, పైగా వాళ్ళ ఒంటి మీద పురుగులు తక్కువ. అంతా చెప్పి, "ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగింది.

అవ్వను తీసుకెళ్ళాం. అరచేతుల్లో, గోళ్ళ కింద బూడిదరంగు పెచ్చులు మందంగా కట్టి ఉన్నాయి. ముసలితనం అనుకున్నాం అందరం. డాక్టరమ్మ కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెడితే పురుగులు, గుడ్లు కుప్పలుగా కనిపించాయి. కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి మింగుతున్న స్టిరాయిడ్ మాత్రలు అవ్వ నిరోధక శక్తిని అణిచేశాయి. పదిహేనుతో ఆగాల్సిన పురుగులు ఇట్టాంటివాళ్ళలో వేలు, లక్షలు అవుతాయట. దురద మాత్రం అంతంతే. గోక్కోవడం కూడా పురుగులను కొంత రాల్చే పనేనని అప్పుడు తెలిసింది.

అవ్వ వైద్యం మాకంటే చాలా పెద్దది. పురుగును చంపే ఐవర్‌మెక్టిన్ మాత్రలు విడతలుగా, క్రీము రోజూ, పెచ్చులు మెత్తబడటానికి వేరే మందు, గోళ్ళు పొట్టిగా కత్తిరించి వాటి కింద కూడా పూత. స్టిరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదని మెల్లగా తగ్గించారు. మాకందరికీ మళ్ళీ పూతలు.

ఈసారి పురుగులు పోయాక కూడా నాకు కొన్ని వారాలు దురద పోలేదు. మళ్ళీ వచ్చిందేమోనని టెన్షన్. క్రీము ఇంకోసారి రాస్తానంటే డాక్టరమ్మ వద్దంది. చచ్చిన పురుగులు, గుడ్లు ఆ పైపొర రాలిపోయేదాకా చర్మంలోనే ఉంటాయి, ఒళ్ళు వాటి మీద కూడా పోట్లాడుతూనే ఉంటుంది, దానికి నెల దాకా పట్టొచ్చంది. చంకల్లో గడ్డల్లాంటివి ఇంకా ఎక్కువ కాలమే ఉండి కరిగాయి.

అవ్వ చేతులు శుభ్రపడ్డాయి. కాకపోతే స్టిరాయిడ్ తగ్గాక ఆమెకూ కొన్నాళ్ళు దురద పుట్టింది. "ఇన్నాళ్ళూ లేని జబ్బు ఆ డాక్టరమ్మే తగిలించింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.