పారేసిన ఎర్రకాయలు

తొమ్మిదో తరగతిలో ఉండగా, శరదృతువులో ఓ శనివారం పొద్దున్నే బోటనీ మేడం మా ఎనిమిది మందికీ తలో బకెట్ ఇచ్చి బడి వెనకాల ముళ్ళపొదల్లోకి తోలారు. హాజరు పట్టీలో దాని పేరు ఫీల్డ్ వర్క్. మాకు మాత్రం బ్లాక్‌బెర్రీలు మేసే రోజు.

పండిందో లేదో రంగు చెప్పదనేవారు మేడం. నల్లగా నిగనిగలాడేది ఇంకా పుల్లనే. మెరుపు కాస్త తగ్గి, వేళ్ళు తగలగానే చేతిలోకి ఊడొచ్చేది అసలు పండు. లాగాల్సి వచ్చిందా, వదిలెయ్యాలి. కోశాక ఇది మాగదు. లోపలి తెల్లటి బొడిపెతో సహా వస్తే బ్లాక్‌బెర్రీ, బొడిపె కొమ్మకే ఉండిపోయి పండు టోపీలా బోలుగా వస్తే రాస్ప్‌బెర్రీ. వృక్షశాస్త్రం లెక్కన ఈ రెండూ బెర్రీలు కావట, టమాటానేమో బెర్రీ! ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

మావాడొకడు పక్క చెట్టు మీది చిన్న నల్ల గుత్తిని నోట్లో వేసుకోబోతే మేడం చెయ్యి పట్టుకుని ఆపారు. "పిట్టలు తింటున్నాయి కదండీ" అన్నాడు. "నువ్వు పిట్టవా?" అన్నారావిడ. అవి ఎల్డర్‌బెర్రీలు. పచ్చివి తింటే కడుపులో తిప్పి వాంతులవుతాయి, ఉడికించాకే తినాలి.

మధ్యాహ్నం హాస్టల్ వంటగదిలో బకెట్లు కుమ్మరించాం. ఎర్రగా, సగం పండినవన్నీ శ్రద్ధగా ఏరి పారేశాం. మిగిలిన నల్లటి పళ్ళకు సరితూకం పంచదార పోసి జామ్ చేద్దామని పొయ్యి మీద పెట్టాం. గంట దాటినా అది షర్బత్తే. మంట పెంచాం. చిక్కబడలేదు కానీ మాడు వాసన మొదలైంది.

మేడం వచ్చి గరిటెతో ఓసారి ఎత్తి పోసి చూశారు. "ఎర్రవేవర్రా?" అన్నారు. అంతా నేల చూపులే. జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ అప్పుడప్పుడే పండుతున్న కాయల్లోనే ఎక్కువట, పులుపూ వాటిలోనే ఎక్కువట. బాగా ముగ్గిన పండులో ఆ పెక్టిన్ విరిగిపోతుంది. మర్నాడు పావు వంతు ఎర్రవి కలిపి, నిమ్మరసం పిండి మళ్ళీ పెట్టాం. థర్మామీటరు 105 డిగ్రీల సెల్సియస్ చూపించగానే, ఫ్రిజ్‌లో పెట్టిన సాసరు మీద ఓ బొట్టు వేసి, ఆగి, వేలితో నెట్టాను. పాల మీగడలా ముడత పడింది. ఎనిమిది మందిమీ ఒకేసారి అరిచాం.

మొదటి గిన్నెలోది నీళ్ళలో కలుపుకుని పరీక్షల దాకా తాగాం. ఆ గిన్నె అడుగు తోమడం మాత్రం నా వంతుకే వచ్చింది. ఎర్రవి ఏరి పారేద్దామన్న మహానుభావుడెవరో మా వాట్సాప్ గ్రూపులో ఇవాళ్టికీ తేలలేదు. నేనైతే కాదు.