మీరు తెరవకపోయినా యాంటీవైరస్ తెరుస్తుంది

తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్ ముట్టుకోవద్దంటాం. మనం ముట్టుకోం, సరే. యాంటీవైరస్ మాత్రం అప్పటికే దాన్ని విప్పి చూసేసి ఉంటుంది. 2017 మేలో బయటపడ్డ సీవీఈ-2017-0290 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబరు) దెబ్బకొట్టింది సరిగ్గా అక్కడే.

భద్రతా లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఒర్మాండీ, నటాలీ సిల్వనోవిచ్ దీన్ని విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ ఇంజిన్‌లో, అంటే ఫైళ్ళని స్కాన్ చేసే భాగంలో, పట్టుకున్నారు. ఆ ఇంజిన్‌లో ఎన్‌స్క్రిప్ట్ అనే జావాస్క్రిప్ట్ ఇంటర్‌ప్రెటర్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ని చదివి నడిపే భాగం) ఉంది. అనుమానం వచ్చిన స్క్రిప్ట్‌ని లోపలే నడిపి చూడటం దాని పని. ఎర్రర్ ఆబ్జెక్ట్ తాలూకు టు-స్ట్రింగ్‌ని (ఎర్రర్‌ని మాటల్లోకి మార్చే ఫంక్షన్) పిలిస్తే అది 'మెసేజ్' ప్రాపర్టీ తీసుకుని లోపలి ఫంక్షన్ చేతిలో పెడుతుంది. వచ్చింది స్ట్రింగా (అంటే అక్షరాల వరసా), కాదా అని ఎవరూ చూడరు. అక్కడ ఇంకేదైనా పెడితే ఇంజిన్ కూలుతుంది, నేర్పుగా పేర్చి పెడితే దాడి చేసేవాడి కోడ్ నడుస్తుంది. టైప్ కన్‌ఫ్యూజన్ అంటే ఇదే, ఒక రకం డేటాని ఇంకో రకం అనుకోవడం. స్క్రిప్ట్ మరీ సాదాగా కనిపిస్తే ఇంజిన్ నడపదు కానీ, గజిబిజి కామెంట్లు నాలుగు తగిలిస్తే నడిపేస్తుంది! ఫైలు ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఒకటే.

అసలు తప్పు ఈ బగ్ కాదంటాను. ఊరూపేరూ తెలియని ఫైళ్ళు విప్పే ప్రాసెస్‌ని సిస్టమ్ హక్కులతో (మెషీన్ మొత్తం మీద పెత్తనంతో), శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్‌ని మిగతా మెషీన్ ముట్టుకోకుండా విడిగా కట్టడి చేసే ఏర్పాటు) లేకుండా నడపడమే తప్పు. రియల్‌టైమ్ స్కాన్ ఆపినా లాభం లేదు, షెడ్యూల్ స్కాన్ అదే ఫైలు దగ్గరికి వస్తుంది.

మైక్రోసాఫ్ట్ మే 8కల్లా ప్యాచ్ ఇచ్చింది, ఇంజిన్ 1.1.13704.0. చాలామంది చూసేది డెఫినిషన్ల (వైరస్‌లని గుర్తుపట్టే జాబితా) తేదీ. అది కాదు, విండోస్ సెక్యూరిటీలో సెట్టింగ్స్, అబౌట్‌లోకి వెళ్ళి 'ఇంజిన్ వెర్షన్' అన్న లైను చూడండి. మరుసటి ఏడాది ఇదే ఇంజిన్‌లో రార్ ఫైళ్ళు విప్పే కోడ్‌లో ఇంకో బొక్క దొరికింది (సీవీఈ-2018-0986), 1.1.14700.5లో పూడ్చారు.

2018 అక్టోబరులో డిఫెండర్‌కి శాండ్‌బాక్స్ వచ్చింది. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి పనిచేస్తుంది, కానీ దాన్ని మనమే ఆన్ చెయ్యాలి. ఎంపీ, ఫోర్స్, యూజ్, శాండ్‌బాక్స్ అనే నాలుగు మాటల మధ్య అండర్‌స్కోర్లు పెట్టి, ఆ పేరుతో సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (విండోస్ గుర్తుపెట్టుకునే సెట్టింగు) చేసి, విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చెయ్యాలి. తర్వాత టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో డిఫెండర్ పాత ప్రాసెస్ (MsMpEng.exe) పక్కనే అదే పేరు చివర 'సీపీ' చేరిన ఇంకో ప్రాసెస్ కనపడితే శాండ్‌బాక్స్ పనిచేస్తున్నట్టే.

నెట్ లేని మెషీన్లకి ఇంజిన్ దానంతటది రాదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే పూర్తి డెఫినిషన్ ప్యాకేజీలో ఇంజిన్ కూడా ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, ఆ పెన్‌డ్రైవ్‌లోంచి వేరే ఏ ఫైలూ తెరవకముందే వెయ్యండి.