వంటగదులు లేకుండా కట్టిన ఏడు ఊళ్లు: అయోవాలో అమానా

చికాగో నుంచి ఇంటర్‌స్టేట్ 80 మీద పడమరగా నాలుగు గంటలు పోతే అయోవా రాష్ట్రంలో 225వ ఎగ్జిట్ వస్తుంది. దిగగానే హోటళ్లు, పెట్రోలు బంకులు. దీన్ని లిటిల్ అమానా అంటారు. హైవే కోసం పుట్టిన కూడలి ఇది. అసలు ఊళ్లు ఇంకా లోపల ఉన్నాయి. 151వ నంబరు రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే ముందు హోమ్‌స్టెడ్ తగులుతుంది, అయోవా నది దాటాక అమానా. సీడార్ ర్యాపిడ్స్ నుంచైనా, అయోవా సిటీ నుంచైనా దూరం 20 మైళ్లకు అటూ ఇటూ. ఆ ఊళ్లలో చదువుకో ఉద్యోగానికో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది పెద్ద ప్రయాణమేమీ కాదు గానీ, రోజంతా చేతిలో ఉంచుకుని బయల్దేరితే మంచిది.

అమానా అంటే ఒక ఊరు కాదు, ఏడు. జర్మనీ నుంచి వచ్చిన ఒక మతశాఖవాళ్లు ఆస్తీ వంటా ఉమ్మడిగా పెట్టుకుని బతికిన ఊళ్లివి. అమానా, ఈస్ట్, మిడిల్, హై, వెస్ట్, సౌత్ అమానాలు, ఏడోది హోమ్‌స్టెడ్. ఈస్ట్ అమానా ఒక పక్కకు ఉంటుంది. మిగతావన్నీ చుట్టి వచ్చే రోడ్డు 17 మైళ్లు. చాలామంది పెద్ద ఊరైన అమానాలోనే కారు ఆపి, చాక్లెట్లూ ఉన్ని దుప్పట్లూ కొనుక్కుని, ఇదేదో అలంకరించిన బజారు వీధి అనుకుని తిరిగి వెళ్లిపోతారు. అందుకే మేం ఆ ఊరిని చివరకు వదిలి మిడిల్ అమానాలో మొదలుపెట్టాం. కొత్తగా వెళ్లేవాళ్లకు కూడా అదే చెబుతాను. ఇక్కడి కథంతా ఉమ్మడి వంటశాల చుట్టూ తిరుగుతుంది, ఆనాటి వంటశాల ఉన్నది ఉన్నట్టుగా మిగిలింది అక్కడే.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. వీళ్లు ఆమిష్‌లు, అంటే కొత్త యంత్రాలకు దూరంగా బతికే క్రైస్తవ శాఖవాళ్లు, కారు. గుర్రపు బగ్గీలు, కరెంటు లేని ఇళ్లు ఇక్కడ కనిపించవు. 1714లో జర్మనీలో ఎబర్‌హార్డ్ లుడ్విగ్ గ్రూబర్, యోహాన్ ఫ్రీడ్రిక్ రాక్ అనే ఇద్దరు మొదలుపెట్టిన మతశాఖ వీళ్లది. దేవుడు ఇప్పటికీ కొందరిచేత పలికిస్తాడని వీళ్ల నమ్మకం. ప్రభుత్వ చర్చిని కాదన్నందుకు, సైన్యంలో చేరబోమన్నందుకు, పిల్లల్ని సర్కారు బడికి పంపబోమన్నందుకు అక్కడ చిక్కులు తప్పలేదు. 1840లలో క్రిస్టియన్ మెట్జ్ నాయకత్వంలో సముద్రం దాటి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో పక్కన దిగారు. పేదల ఓడ ఖర్చులు ఉన్నవాళ్లు పెట్టుకున్నారు. భూమి కూడా అందరిదీ కలిపే కొన్నారు. ఉమ్మడి బతుకు అలా అవసరం కొద్దీ మొదలై తర్వాత నియమంగా స్థిరపడింది. బఫెలో నగరం పెరిగి మీదికొస్తుంటే, భూముల ధరలూ పెరుగుతుంటే, 1855లో అయోవాకు మారడం మొదలుపెట్టారు. ఇక్కడ చేర్చిన భూమి దాదాపు 26,000 ఎకరాలు. 1861లో రైలు దారి అవసరమై, స్టేషనున్న హోమ్‌స్టెడ్‌ను ఊరు ఊరంతా కొనేశారు.

ఏడు ఊళ్లుగా ఎందుకు విడిపోయారంటే సేద్యం కోసమే. పొలానికి దగ్గరగా మనుషులుండాలి, ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండి మీద సులువుగా వెళ్లి రావాలి. ప్రతి ఊరికీ సొంత చర్చి, బడి, రొట్టెల బట్టీ, దుకాణం, పశువుల కొట్టాలు. ఇళ్లు ఇటుకవీ, ఇసుకరాయివీ, చెక్కవీ. చెక్క ఇళ్లకు రంగు వెయ్యలేదు. రంగు ఖర్చుకన్నా పాడైన పలక మార్చుకోవడమే చవక అని లెక్కేశారు. గోడలకు కాస్త ఎడంగా చెక్క పందిరి నిలబెట్టి ద్రాక్ష తీగ పాకించారు. ఎండాకాలం గోడకు నీడ, శరదృతువులో పండు. ఈ పందిళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లకు ఉన్నాయి. ఫొటో కోసం తోటల్లోకి మాత్రం వెళ్లకండి, లోపల మనుషులు కాపురముంటున్నారు.

ఆ ఇళ్లలో లేనిది వంటగది. ఏడు ఊళ్లలో కలిపి 50కి పైగా ఉమ్మడి వంటశాలలుండేవి, ఒక్కోదాన్లో 30 నుంచి 40 మంది భోంచేసేవారు. మిడిల్ అమానాలోని మ్యూజియం అలాంటి వంటశాలే, 1863లో కట్టినది. గోడవారగా పొడవాటి ఇటుక పొయ్యి, దానిమీద ఇనుప పలక, ఊళ్లోని తగరం పనివాడు చేసిన గిన్నెలూ గరిటెలూ, పక్కన భోజనాల గది. పెత్తనమంతా ‘క్యూఖెబాస్’ అనే పెద్దావిడది. ఆవిడ కింద ముగ్గురు నలుగురు యువతులు వంట, గిన్నెలు తోమడం, కూరలు తరగడం వారానికొకటి చొప్పున మారుతూ చేసేవారు. పద్నాలుగేళ్లకు బడి అయిపోగానే ఆడపిల్లల్ని వంటశాలకు పంపేవారు. రెండు మూడెకరాల కూరగాయల తోట ఒక్కో వంటశాలకు ఉండేది. దానికి మరో పెద్దావిడ. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి భోజనాలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, అంటే రోజుకు ఐదుసార్లు బల్ల సర్దాలి. మగవాళ్లకో బల్ల, ఆడవాళ్లకో బల్ల, ముందూ వెనకా ప్రార్థన, మధ్యలో మాటల్లేవు. పావుగంటలో లేచిపోయేవారు.

జీతాలుండేవి కావు. ఒక్కొక్కరి పేర ఊరి దుకాణంలో ఏడాదికి ఇంతని ఖాతా రాసేవారు; బట్ట, చెప్పులు, సబ్బు ఆ లెక్కలోంచే. వైద్యం, చదువు, ఇల్లు ఉచితం. ప్రార్థనలు వారానికి పదకొండు. మన ఉమ్మడి కుటుంబాల్లోలాగే దీన్నీ నడిపింది నియమాలకన్నా ఎక్కువగా వంటింటి పెత్తనం అనిపిస్తుంది. ఊళ్లో ఎవరికి జ్వరం, ఎవరికి ఎవరితో పడటం లేదు అన్నది పెద్దల సంఘంకన్నా ముందు ఆ బల్లల దగ్గరే తెలిసి ఉంటుంది.

పగులు కనిపించింది కూడా అక్కడే. పసిబిడ్డల తల్లులకూ ముసలివాళ్లకూ మొదటినుంచీ అన్నం ఇంటికే వెళ్లేది. 1900 వచ్చేసరికి ఏ కారణం లేనివాళ్లు కూడా బుట్టలు తెచ్చి, పట్టుకెళ్లి ఇంట్లో తినడం మామూలైపోయింది. పొలాల్లో బయటి కూలీలు పెరిగారు. వాళ్లకు డబ్బివ్వాలి, సొంతవాళ్లకు ఇవ్వనక్కర్లేదు. పని తగ్గించుకునేవాళ్లను ఏం చెయ్యాలో ఏ నియమమూ చెప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ రంగులు రాక నీలి అద్దకపు బట్టల మిల్లు మూతపడింది. 1923లో మంట లేచి పిండి మర పూర్తిగా, ఉన్ని మిల్లు చాలామటుకు కాలిపోయాయి, బీమా లేదు. ఆపైన ఆర్థిక మాంద్యం. 1932లో ఓటింగ్ పెట్టి ఉమ్మడిని రద్దు చేసుకున్నారు. దీన్ని ఇక్కడ ‘గ్రేట్ ఛేంజ్’ అంటారు. చర్చి వేరు, వ్యాపారం వేరు అయ్యాయి. వ్యాపారం ‘అమానా సొసైటీ’ అనే కంపెనీ అయింది. ఓటు హక్కున్న వాటా పెద్దవాళ్లందరికీ తలా ఒకటి. అదనపు వాటాలు ఎన్నేళ్లు పనిచేశారన్న లెక్కన. ఆ వాటాలు పెట్టి తాముంటున్న ఇళ్లనే కొనుక్కోవచ్చు. పంపకం ఇంత శుభ్రంగా జరిగిన ఉమ్మడి ఆస్తులు ఎక్కడా ఎక్కువ ఉండవు. భూమిని మాత్రం ముక్కలు చెయ్యలేదు; పొలాలూ అడవీ ఇప్పటికీ ఆ కంపెనీవే.

వంటశాలలు మూతపడటంతో ప్రతి ఇంటికీ పొయ్యి కావలసి వచ్చింది. ఉన్న గదిని మార్చుకున్నవాళ్లు కొందరు, వెనకవైపు కొత్త గది దింపుకున్నవాళ్లు కొందరు. ఇటుక ఇంటికి వెనక చెక్క గది అతికించినట్టు కనిపిస్తే, అది 1932 తర్వాతి వంటగది కావడానికి అవకాశం ఎక్కువ. ఇదే మిడిల్ అమానాలో 1934లో జార్జ్ ఫెర్స్ట్‌నర్ శీతల యంత్రాల పని మొదలుపెట్టారు. అమానా పేరుతోనే ఎదిగిన ఆ కంపెనీని 1965లో రేథియాన్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ కొన్నది, 1967లో ఇంటి బల్లమీద పట్టే మైక్రోవేవ్ ఓవెన్‌ను రాడారేంజ్ పేరుతో 495 డాలర్లకు మార్కెట్లో పెట్టింది. ఇంట్లో పొయ్యి లేకుండా మూడు తరాలు బతికిన ఊరి పేరు అమెరికా వంటిళ్లకెక్కింది. ఫ్యాక్టరీ ఇప్పుడు వర్ల్‌పూల్ వాళ్లది, ఊళ్లోని ఇళ్లకన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

హోమ్‌స్టెడ్‌లోని పాత చర్చి మ్యూజియంగా ఉంది. శిలువ లేదు, రంగు అద్దాలు లేవు. లేత నీలం గోడలు, రంగెయ్యని బెంచీలు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు తలుపులు. శ్మశానాలు చూడకుండా రావద్దు. రాళ్లన్నీ ఒకే కొలత, కుటుంబాల వరసలు లేవు, చనిపోయిన క్రమంలోనే పూడ్చారు. భార్య ఒక వరసలో, భర్త ఎన్నో వరసల అవతల. 1867లో పోయిన మెట్జ్ రాయి కూడా తక్కినవాటిలాంటిదే, పేరు చదువుకుంటూ వెతుక్కోవాల్సిందే.

వెళ్లే కాలం సంగతి. మ్యూజియాలు ఎక్కువగా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తెరుస్తారు. చిన్న ఊళ్లవి వారంలో కొన్ని రోజులే. బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. సాయంత్రం ఐదుకు దుకాణాలు మూస్తారు కాబట్టి, పొద్దున మ్యూజియాలు, మూడు తర్వాత బజారు అని పెట్టుకుంటే రెండూ దొరుకుతాయి. అమానా, మిడిల్ అమానాల మధ్య లిలీ లేక్‌లో జులైలో తామరలు విచ్చుకుంటాయి, చుట్టూ నడక దారి ఉంది. అక్టోబర్‌ఫెస్ట్ అనే జర్మన్ పండుగ వారాంతంలో కారు నిలపడానికే చోటు దొరకదు.

భోజనం జర్మన్ పద్ధతిలో. మాంసం ఎవరిది వాళ్లు చెప్పుకుంటారు. బంగాళదుంపలు, మొక్కజొన్న, పులియబెట్టిన క్యాబేజీ, రొట్టె పెద్ద గిన్నెల్లో బల్లమీద పెడతారు, కావాలంటే మళ్లీ నింపుతారు. శాకాహారులు ఆ గిన్నెలతోనే కడుపు నింపుకోవచ్చు గానీ ఒక్కొక్కటీ అడిగి వడ్డించుకోవాలి. చిక్కుడుకాయల్లో బేకన్ (పంది మాంసం) వేయడం, క్యాబేజీని పంది కొవ్వుతో ఉడికించడం, గ్రేవీని మాంసపు రసంతో చెయ్యడం ఈ వంటలో మామూలు. ‘మాంసం ఉందా’ అని మాత్రమే అడిగితే లేదనే చెప్పొచ్చు. కొవ్వూ రసమూ కూడా పేరు పెట్టి అడగండి.