చివరి పేజీలో ఏమవుతుంది?

పోయిన నెల ఒక కుర్రవాడు నాకు నలభై ఒక్క పేజీల ఫైలు పంపాడు. అతను సృష్టించిన సూపర్ హీరో వివరాలన్నీ అందులో ఉన్నాయి. పుట్టుక, శక్తులు, బలహీనతలు, దుస్తుల రంగులు, పదిహేడు మంది శత్రువులు, మూడు సమాంతర లోకాలు, వాటి మధ్య జరిగిన యుద్ధాల వరుస. "మేడమ్, దీన్ని మార్వెల్‌కు పంపాలా, డీసీకి పంపాలా, మీరే చెప్పండి" అని చివర రాశాడు. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. ఎంత కష్టపడి రాశాడో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. జవాబు రాయడానికి మాత్రం నాకు పన్నెండు రోజులు పట్టింది.

ఇరవై రెండేళ్ల వయసులో నేనూ ఒక పెద్ద కామిక్స్ ప్రచురణ సంస్థకు ఇలాంటి కట్టే పంపాను. ఆ కథలో వాళ్ల ప్రసిద్ధ సూపర్ హీరో చనిపోతాడు. ఏళ్ల తరబడి రహస్యంగా అతని దుస్తులు ఉతికి, చిరుగులు కుట్టిన మనిషి ఒకరోజు వాటిని తానే తొడుక్కుంటాడు. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలల తరువాత కవరు అలాగే తిరిగి వచ్చింది. అంటించిన అంచు కూడా చెదరలేదు. పైన ఒక అచ్చు ఉత్తరం: మేము అడగకుండా వచ్చిన రచనలను తెరవము. మొదటి పేజీ చదివి నచ్చలేదన్నా ఓర్చుకునేదాన్ని. విప్పి కూడా చూడలేదని వారం రోజులు కుమిలిపోయాను.

అది అవమానం కాదని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. కాపీరైటు చట్టం ఒక ఆలోచనను కాపాడదు, ఆ ఆలోచనకు మీరు ఇచ్చిన రూపాన్నే కాపాడుతుంది. అయినా ఫలానా కథ నేను పంపిన దానిలోంచి తీసుకున్నారని ఎవరైనా దావా వేస్తే, ఆ కవరు తెరవలేదని చూపించడమే సంస్థకు గట్టి రక్షణ. నెలనెలా పదుల కొద్దీ సంచికలు తెచ్చేచోట, బయటివాళ్లు పంపే ఆలోచనల్లో ఏదో ఒకటి అప్పటికే లోపల ఎవరో రాస్తున్న కథను పోలి ఉండి తీరుతుంది. అందుకే మార్వెల్, డీసీ అనే రెండు పెద్ద అమెరికన్ సంస్థలూ ముక్కూ మొహం తెలియని రచయితల కథాప్రతిపాదనలను చదవవు. వేరేచోట అచ్చయిన పని చూసి, నచ్చితే వాళ్లే పిలుస్తారు. బయటివారి రచనలు చదివే చిన్న సంస్థలు కొన్ని ముందుగా ఒక సమ్మతి పత్రం మీద సంతకం అడుగుతాయి. దాన్ని చూసి భయపడనక్కరలేదు, కానీ చదవకుండా సంతకం పెట్టకూడదు.

ఆలోచనకూ, రాసి పూర్తిచేసిన కథకూ మధ్య ఎంత దూరముందో చెప్పాలంటే నాకు జిమ్ షూటర్ జీవితమే గుర్తొస్తుంది. 1965లో అతనికి పదమూడేళ్లు. పిట్స్‌బర్గ్‌లో ఉండేవాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. అంతకుముందు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కామిక్స్‌ను వరుసగా చదివి, ఏ సంస్థ కథ ఎందుకు బాగుందో, ఇంకొకటి ఎందుకు చప్పగా ఉందో పోల్చుకున్నాడు. తరువాత డీసీకి ఒక కథ పంపాడు. ఇలా ఒక హీరో ఉంటే బాగుంటుందని ఉత్తరం రాసి ఊరుకోలేదు. ప్రతి పేజీనీ గడులుగా విడగొట్టి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో గీసి, మాటలతో సహా పూర్తి చేసి పంపాడు. ఎడిటర్ మోర్ట్ వైసింగర్ దాన్ని కొన్నాడు. 1966లో 'అడ్వెంచర్ కామిక్స్' 346వ సంచికగా అది వెలువడేసరికి షూటర్‌కు పద్నాలుగేళ్లు.

అదే షూటర్ 1982లో మార్వెల్‌కు ప్రధాన సంపాదకుడు. స్పైడర్‌మ్యాన్‌కు నల్లని దుస్తులు వేస్తే ఎలా ఉంటుందని ఒక అభిమాని రాసి పంపాడు. ఆ ఆలోచన నచ్చి షూటర్ 220 డాలర్లు ఇచ్చి కొన్నాడు. అభిమాని ఊహలో గుండెల మీది సాలీడు గుర్తు ఎర్రగా ఉంది. 1984లో అచ్చులోకి వచ్చేసరికి తెల్లగా మారింది. ఆ దుస్తులకే తరువాత ప్రాణమొచ్చింది. 1988 నాటికి అందులోంచి వెనమ్ అనే శత్రువు పుట్టాడు. ఆ పాత్ర మీద సినిమాలే వచ్చాయి. అంతటికీ మూలమైన ఆలోచన ధర 220 డాలర్లు. అన్యాయం జరిగిందని నేను అనడం లేదు. అతను అమ్మినది ఆలోచన, వాళ్లు దానికి ధర కట్టి ఇచ్చారు. పదమూడేళ్ల షూటర్ అమ్మినది పూర్తి కథ, దానితో పాటు అలాంటివి మరికొన్ని రాయగలడన్న నమ్మకం. ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి ఆ కుర్రవాడికి రాశాను. నా ఉత్తరంలో సగం ఇదే.

హక్కుల సంగతి కూడా రాయక తప్పలేదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ ఆ పాత్రను పట్టుకుని కొన్నేళ్ల పాటు తిరిగారు. దినపత్రికలకు కథలు సరఫరా చేసే సంస్థలు వద్దన్నాయి. చివరకు 1938లో పాత్ర మీది సర్వహక్కులతో సహా 130 డాలర్లకు ఇచ్చేశారు. ఆ చెక్కు 2012లో వేలానికి వచ్చినప్పుడు లక్షా అరవై వేల డాలర్లు పలికింది. కాగితం ముక్కకు వచ్చిన ధర చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వాళ్లిద్దరికీ వార్షిక భృతి, కథల మీద మళ్లీ పేరు దక్కింది 1975 చివర్లో. ఇప్పటికీ పెద్ద సంస్థల పాత్రలకు రాసేటప్పుడు రాసినది సంస్థ సొత్తవుతుంది, రచయితకు పేజీకి ఇంతని ఇస్తారు. 1992లో కొందరు చిత్రకారులు కలిసి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నది ఈ బాధతోనే. అక్కడ పాత్ర సృష్టికర్తదే. ఇష్టమైన హీరోకు రాయాలన్న కోరిక తప్పేమీ కాదు, నాకూ ఉండేది. కానీ గుండెల్లో దాచుకున్న మొదటి పాత్రను మాత్రం ఏ కాగితం మీద సంతకం చేస్తున్నారో తెలియకుండా ఎవరి చేతిలోనూ పెట్టకండి.

తరువాత రోజుల్లో ఒక చిన్న సూపర్ హీరో కామిక్స్ సంస్థలో నాలుగేళ్లు పనిచేశాను. వచ్చిన ప్రతిపాదనలను మొదట చదివేది నేనే. పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నానికి ముప్పై వరకూ చూసేదాన్ని. వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన వాక్యం ఒకటుంది: "చివర్లో ఎవరూ ఊహించని మలుపు ఉంటుంది, అది కథలోనే చదవాలి." ఎంతో మంచి పాత్రలు, ఎంతో మంచి ఆరంభాలు ఆ వాక్యం దగ్గర ఆగిపోయేవి. రచయిత ఎడిటర్‌ను పాఠకుడనుకుని ఊరిస్తున్నాడు. ఎడిటర్‌కు కావలసింది ఇతను కథను ఒడ్డుకు చేర్చగలడా లేదా అన్నది ఒక్కటే. ముగింపు దాస్తే, ముగింపు ఇంకా దొరకలేదనే మేము అనుకునేవాళ్లం. చాలాసార్లు నిజం కూడా అదే.

సినిమా వాళ్లు కథ వినిపించేటప్పుడు గొంతు పెంచుతారు, తగ్గిస్తారు, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ఆసక్తి సన్నగిల్లిన చోట అందుకుంటారు. ఇక్కడ ఆ అవకాశం లేదు. మీ పేజీ ఒంటరిగా వస్తుంది. నాకు నచ్చినా సరిపోదు; సాయంత్రం సమావేశంలో నేను దాన్ని రెండు వాక్యాల్లో మా ఎడిటర్‌కు చెప్పాలి. ఆవిడ తనపైవాళ్లకు చెప్పాలి. ఆ చెప్పడంలో పన్నెండు శక్తుల జాబితా జారిపోతుంది, సమాంతర లోకాలు జారిపోతాయి. ఒక మనిషి ఏం కోరుకున్నాడు, దానికోసం ఏం పోగొట్టుకున్నాడు అన్నది మాత్రం ఎంతమంది నోళ్లు మారినా నిలుస్తుంది.

ఇంకొక లోపం కూడా తరచుగా కనిపించేది. కామిక్స్‌ను ఎంతో ప్రేమించేవాళ్లు కూడా పేజీ ఎలా నడుస్తుందో గమనించరు. అమెరికన్ నెలవారీ సంచికలో ఇప్పుడు సాధారణంగా ఇరవై పేజీల కథ ఉంటుంది. పేజీకి ఐదారు గడులు. అంటే ఒక సంచికలో మీకు దొరికేది సుమారు నూట పది బొమ్మలు. బొమ్మ కదలదు. "అతను తలుపు తీసి లోపలికి నడిచి దీపం ఆర్పాడు" అని ఒకే గడికి రాస్తే చిత్రకారుడు ఏది గీయాలి? తలుపు మీద చెయ్యా, నడకా, చీకటా? ఆశ్చర్యపరిచే బొమ్మ కుడివైపు పేజీలో పెడితే, ఎడమ పేజీ చదువుతుండగానే పాఠకుడి కన్ను దానిమీద పడుతుంది. తిప్పాక కనబడే ఎడమవైపు పేజీలో పెట్టాలి. ఒక గడిలో 35 ఇంగ్లీషు మాటలు దాటితే బొమ్మకు చోటుండదని మా ఎడిటర్ పదేపదే అనేవారు. ఇవన్నీ తెలిసిన రచయిత ఎవరో ఒక్క పేజీ ప్రతిపాదనలోనే పసిగట్టవచ్చు. సంఘటనలను అతను చూసి రాస్తాడు.

అందుకే మొదట చిన్న కథ పూర్తిచేయమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. బ్రిటన్‌లో 1977లో మొదలైన '2000 ఏడీ' వారపత్రికలో 'ఫ్యూచర్ షాక్స్' అనే నాలుగైదు పేజీల విడి కథలు వస్తుంటాయి. తరువాత పెద్ద కామిక్స్ రచయితలైన అలన్ మూర్, నీల్ గైమన్, గ్రాంట్ మోరిసన్ తొలినాళ్లలో అవి రాసినవాళ్లే. నాలుగు పేజీల్లో పాత్రను నిలబెట్టి, చిక్కు వేసి, మలుపు తిప్పి ముగించడం నేర్చుకున్నాక ఇరవై పేజీలు చూస్తే విశాలంగా అనిపిస్తుంది. ఆ మూరే తరువాత, ఛార్ల్‌టన్ అనే ఇంకో కామిక్స్ సంస్థ నుంచి డీసీ కొత్తగా కొన్న పాత్రలతో ఒక పెద్ద కథ ప్రతిపాదించాడు. అలా రాస్తే ఆ పాత్రలు ఇంక దేనికీ పనికిరాకుండా పోతాయని, సొంత పాత్రలు సృష్టించుకోమని ఎడిటర్ డిక్ జోర్డానో చెప్పాడు. 1986లో మొదలైన ప్రసిద్ధ కామిక్ 'వాచ్‌మెన్' అలా పుట్టింది. దుస్తులు ఉతికే మనిషి కథను నేను సొంత పాత్రలతో తిరగరాసింది ఈ సంగతి చదివాకే.

ఎనిమిది పేజీలు వచ్చింది. బొమ్మల కోసం ఒక చిత్రకారిణిని వెతుక్కున్నాను. జీతంలోంచి కొంత దాచి పేజీకి ఇంత అని ముందే మాట్లాడుకుని ఇచ్చాను. ఈ విషయంలో నాకు రాజీ లేదు: "పేరు వస్తుంది" అని ఆశపెట్టి బొమ్మలు ఊరికే గీయించుకోకండి. కామిక్స్ వేడుకల్లో ఎడిటర్లు చిత్రకారుల బొమ్మలను నిలబడి నిమిషంలో చూసేస్తారు, రచయిత స్క్రిప్టు చదవడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. పూర్తయిన బొమ్మల పేజీలు చేతిలో ఉంటే మీ మాటలు కూడా ఆ నిమిషంలోనే చదువుతారు. అంటే మీ కథకు తలుపు తెరిచేది ఆ చిత్రకారిణి గీత. నా ఎనిమిది పేజీలు ఒక చిన్న సంకలనంలో వచ్చాయి. నాకు ఉద్యోగం ఇచ్చిన ఎడిటర్ నన్ను చూసింది అక్కడే.

ఇక కుర్రవాడి ఫైలు. అతని హీరో నీళ్లలో చెయ్యి ముంచితే, ఆ నీళ్లు విన్న మాటలన్నీ అతనికి వినిపిస్తాయి. నలభై ఒక్క పేజీల్లో ఈ శక్తితో అతను ఓడలు కాపాడతాడు, ఆనకట్టలు నిలబెడతాడు. ఇరవై తొమ్మిదో పేజీలో మాత్రం నాలుగు వరుసల చిన్న సంఘటన ఉంది. చిన్నప్పుడు తల్లి పడి చనిపోయిన బావిలో ఒకసారి చెయ్యి పెడతాడు, ఆమె గొంతు వినాలని. అంతే. మరుసటి వరుసలో యుద్ధం మొదలవుతుంది. అక్కడ నేను ఆగిపోయాను. అతనికి రాసింది ఇదే: మీ కథ ఇరవై తొమ్మిదో పేజీలో ఉంది. బావి దగ్గర మొదలుపెట్టండి. అతను ఏం విన్నాడు? విన్నాక ఏం చేశాడు? ఒక్క పేజీలో, ముగింపుతో సహా రాసి పంపండి. మార్వెల్, డీసీల సంగతి తరువాత చూద్దాం.

నొచ్చుకున్నాడేమో అనుకున్నాను, మూడు వారాలు జవాబు లేదు. మొన్న రాత్రి వచ్చింది. ఒకే పేజీ. శత్రువులు లేరు, లోకాలు లేవు. బావిలో చెయ్యి పెట్టిన తమ్ముడికి తల్లి కేకలు వినిపిస్తాయి. ఆమె పిలుస్తున్నది అన్నయ్యను. అప్పటికి అన్నయ్యకు తొమ్మిదేళ్లు. గట్టు మీదే ఉన్నాడు, భయంతో బిగుసుకుపోయి ఎవరినీ పిలవలేదు. ఇన్నేళ్లుగా తమ్ముడిని పెంచింది ఆ అన్నయ్యే. కామిక్ చివరి పేజీలో అన్నయ్య వెనక నిలబడి "ఏం విన్నావు?" అని అడుగుతాడు. తమ్ముడు "ఏమీ వినపడలేదు" అంటాడు.

మూడుసార్లు చదివి వెంటనే జవాబు రాశాను. ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: ఆ మాట అనేటప్పుడు అతని చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉందా, బయటికి తీశాడా?