నోట్సు తీసేసి పాత పుస్తకం అచ్చేస్తే ఎలాగండీ

విజయవాడ పుస్తకాల పండగలో నేను ముందు వెతికేది పాత పుస్తకాల రీప్రింట్లనే. చేతిలోకి తీసుకోగానే చివరి పేజీలు తిప్పుతాను: నోట్సు ఉన్నాయా, ఊర్ల పేర్ల సూచిక ఉందా, మ్యాపు ఉందా. ముందుమాట సంగతి తర్వాత, అందులో సగం పొగడ్తలే కదా.

ఈ పట్టింపు ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర వల్ల వచ్చింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా చేసిన ఈయన 1830 మే 18న పెద్ద పరివారంతో బయల్దేరి, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ వెళ్లి, కలకత్తా, పూరీ కూడా చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, బజార్లో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది, ఇవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి రాసి పంపేవారు. 1836లో వీరాస్వామయ్య గారు పోయారు, రెండేళ్లకి పిళ్లె గారు అచ్చు వేయించారు. వాడుక భాష ఉద్యమం పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే, ఇంచుమించు మాట్లాడుకునే తెలుగులో!

అయినా ఆ కాలపు ఉద్యోగాలు, నాణేలు, జమీందార్ల గొడవలు మనకేం తెలుస్తాయి? 1941లో మన బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారు పీఠిక, వివరణలు చేర్చి దాన్ని మళ్లీ వేయించారు కాబట్టి సరిపోయింది. నా దృష్టిలో ఆ పుస్తకానికి ఇద్దరు రచయితలు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి, అంటే ఇలాంటి పాత మూలాలు ఎవరైనా వేసుకోవచ్చు, కానీ తర్వాతి వాళ్లు రాసిన నోట్సుకి హక్కులు వేరే ఉంటాయి. అడిగి తీసుకోవాలి, లేదా కొత్తగా రాయించాలి. రెండూ ఖర్చే. దాంతో కొందరు మూలం ఒక్కటే స్కాన్ చేసి, మెరిసే అట్ట వేసి అమ్మేస్తున్నారు. నేను కొన్న ఒక జిల్లా చరిత్రలో (ప్రచురణకర్త పేరెందుకులెండి) మడతపెట్టిన మ్యాపుని విప్పకుండానే స్కాన్ చేశారు. సగం జిల్లా లేదు! ధర మాత్రం పూర్తిగానే తీసుకున్నారు.

అలాగని అచ్చు వేయొద్దని కాదు. గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం) 1883 నాటిది, రీప్రింట్లు లేకపోతే నాలాంటివాడికి అది దొరికేదే కాదు. తెల్లదొర కళ్లజోడుతో రాసిన పుస్తకం, ఆ జాగ్రత్తతోనే చదవాలి. అన్నట్టు, కైఫీయత్తులు (ఊరూరి చరిత్రలు రాసిన రికార్డులు) సేకరింపజేసిన కాలిన్ మెకంజీ వేరు, ఈయన వేరు. చాలామంది కలిపేస్తుంటారు.

గుంటూరు వాళ్లకి ఒక మాట. అట్ట మీద కృష్ణా అని చూసి ఆ పుస్తకం పక్కన పెట్టేయకండి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణా జిల్లాలోనే ఉండేది, 1832-33 నాటి డొక్కల కరువు గురించి చదవాలన్నా అందులోనే వెతకాలి.