దుర్గమంటే మా ఇల్లే కదా టీచర్!

దసరాకు గుమ్మాలకు కట్టిన బంతిపూల తోరణాలు మా వీధిలో ఎండిపోయి ఇంకా వేలాడుతూ ఉండగానే మా చర్చిలో సంస్కరణ పండుగ వచ్చేస్తుంది. 1517 అక్టోబరు 31న జర్మనీలోని విట్టెన్‌బర్గులో మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు గారు అప్పటి చర్చి తీరును ప్రశ్నిస్తూ తన 95 వాదాలను బయటపెట్టిన రోజుకు గుర్తుగా అక్టోబరు చివరి ఆదివారం చేసుకుంటాం. ఆ రోజు బలిపీఠం మీద ఎర్రగుడ్డ పరుస్తాం. దాన్ని ఉతికి ఇస్త్రీ చేసే పని చాలా ఏళ్ళుగా నాదే. ఎవరికీ ఇవ్వను కూడా.

వరంగల్‌లో "మేం లూథరన్‌లం" అంటే "అది ఏ చర్చి?" అని అడుగుతారు. ఇక్కడ బాప్టిస్టులు తెలుసు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు తెలుసు, ఫాతిమా నగర్ కథోలికులు తెలుసు. మేం పిడికెడు మందిమి. మా నాన్నది గుంటూరు జిల్లా. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఆ వైపు లూథరన్ సంఘాలు ఊరూరా పెరిగాయి. నాన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చి కాజీపేట చేరాడు. ఒక ట్రంకు పెట్టె, అందులో బట్టల కింద కీర్తనల పుస్తకం, లూథరు గారి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం. నాకు ఆస్తి అంటూ ఆయన ఇచ్చినవి ఆ రెండే.

పెళ్ళయ్యాక మేం అండర్ బ్రిడ్జి అవతల శివనగర్‌లో స్థిరపడ్డాం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా వరండాలో సండే స్కూలు పెడతాను. పదకొండు మంది పిల్లలు. సగం మంది పాత కోట ఉన్న ఖిలా వరంగల్ నుంచి సైకిళ్ళ మీద వస్తారు. అందరూ మా సంఘం వాళ్ళు కాదు. కొందరు బిస్కెట్ల కోసం మొదలుపెట్టి పాటల కోసం ఉండిపోయారు. రానీ, నాకు సంతోషమే.

ఈసారి పండుగకు లూథరు గారు బైబిల్లోని 46వ కీర్తన ఆధారంగా రాసిన పాట పిల్లల చేత పాడించాలనుకున్నాం. ముందు కీర్తన చదివించాను. "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు." అంతే, మూడో తరగతి పిల్లవాడు చెయ్యెత్తాడు.

"దుర్గమంటే ఏంది టీచర్?"

"కోట నాన్నా."

"కోటంటే మా ఖిలానా?"

"అవును, అలాంటిదే."

వాడు కాసేపు ఆలోచించాడు. "అంటే దేవుడు మా ఇల్లు లెక్కనా?"

పిల్లలంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. తప్పేం చెప్పానన్నట్టు చూస్తున్నాడు.

వాడు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. వాళ్ళిల్లు నిజంగా కోటలోనే ఉంది. బయట మట్టికోట, లోపల రాతికోట, దాని చుట్టూ అగడ్త. కాకతీయులు శత్రువు నేరుగా దూసుకు రాకూడదని దర్వాజా దగ్గర దారిని మెలికలు తిప్పారు. ఇప్పుడు ఆ మెలికలోనే ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో కనిపించే కీర్తితోరణం ఊరందరికీ ఫొటోలు దిగే చోటు. వాడికి మాత్రం స్కూలుకు పోయే దారిలో కనిపించే రాళ్ళు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను: గోడ మీదికి మేకలెక్కి గడ్డి మేస్తున్నాయి, వాళ్ళ నాయనమ్మ వాకిట్లో చాప పరిచి మిరపకాయలు ఎండబెడుతోంది, నలుగురు పిల్లలు అగడ్తలో పడిన బంతి కోసం కర్రతో వెతుకుతున్నారు. వాడికి కోట అంటే యుద్ధం కాదు. అమ్మ అన్నం పెట్టే చోటు, రాత్రి భయం లేకుండా పడుకునే చోటు. నలభై ఏళ్ళుగా ఆ పాట పాడుతూ నేను మనసులో చూసుకున్నది కత్తులు, డాళ్ళు, బురుజులు. మేకను ఎప్పుడూ చూడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఉంది, మాటకు మాట పట్టుకుంటుంది. "కానీ టీచర్, ఆ కోట ఓడిపోయింది కదా? 1323లో ఢిల్లీ సైన్యం వచ్చి ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోయింది. మరి దేవుడు కోట లెక్క అంటే ఎట్ల?"

మంచి ప్రశ్న. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి దాటేయబుద్ధి కాలేదు. "వచ్చే ఆదివారం చెప్తాను" అన్నాను. ఈలోపు లూథరు గారు కూడా కోటలో ఉన్న కథ చెప్పాను. 1521లో ఆయన ప్రాణానికి ముప్పు వస్తే, సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ఆయన్ను వార్ట్‌బర్గ్ కోటలో దాచిపెట్టాడు. గుర్తు పట్టకుండా ఆయన గడ్డం పెంచి, పేరు మార్చుకుని, వీరుడి వేషంలో ఉన్నారు. అక్కడే బైబిల్లోని కొత్త నిబంధనను దాదాపు పదకొండు వారాల్లో జర్మన్ భాషలోకి తెచ్చారు. పిల్లలకు పదకొండు వారాల సంగతి పట్టలేదు, గడ్డం పట్టింది. "ఎంత పొడుగు టీచర్?" "అన్నం ఎవరు పెట్టిన్రు?" "వాళ్ళమ్మకు తెలుసా?" చివరి ప్రశ్న నాకు గుచ్చుకుంది.

ఆ వారమంతా ఆ అమ్మాయి ప్రశ్న నా వెంటే తిరిగింది. గిన్నెలు తోముతున్నా అదే, మార్కెట్‌లో కూరగాయలు ఏరుతున్నా అదే. మా నాన్న ఉంటే ఏమనేవాడు? ఆయనకు ఒక అలవాటు ఉండేది. లూథరు గారి ప్రశ్నోత్తరాల పుస్తకంలో ప్రతి మాట తర్వాతా "దీనికి అర్థమేమి?" అని ఉంటుంది. 1529లో ఆయన దాన్ని రాసింది ఇంటి పెద్దలు ఇంట్లోనే పిల్లలకు చెప్పుకోవడానికి. నాన్న కంచం ముందు కూర్చోగానే అడిగేవాడు: "ప్రభువు ప్రార్థనలో మా అనుదినాహారము అన్నావు కదా, దీనికి అర్థమేమి?" నేను గబగబా అప్పజెప్పేదాన్ని: తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి వాతావరణం, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మకమైన పొరుగువారు. చెప్పులు ఆ వరసలో ఉండడం నాకు చిన్నప్పుడు ఎంత ఇష్టమో!

నమ్మకమైన పొరుగువారు అన్న మాట దగ్గర ఈసారి ఆగిపోయాను. 2023 జూలై చివర్లో వానలకు వరంగల్‌లో కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. రాత్రి మంచం కోళ్ళు మునుగుతుంటే నేను సామాన్లు పైకి సర్దుతూ నిలబడ్డాను. పక్కింటావిడ మేడమెట్ల మీద నుంచి గట్టిగా కేకేసింది: "సామాన్లు తర్వాత చూద్దాం, ముందు పైకి రా అక్కా!" నాన్న పుస్తకాలు రెండూ బియ్యం డబ్బాలో పెట్టి మూతబిగించి, డబ్బా నెత్తిన పెట్టుకుని ఎక్కాను. ఆవిడ పొడి చీర ఇచ్చింది. మూడిళ్ళ వాళ్ళం తొమ్మిది మందిమి ఒక్క గదిలో పడుకున్నాం. తెల్లవారి ఆవిడ తన దేవుడి ముందు దీపం పెట్టుకుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని 46వ కీర్తన చదువుకున్నాను. జలములు ఘోషించుచు నురుగు కట్టినను అన్న చోటికి వచ్చేసరికి గొంతు పెగల్లేదు. కింద వీధిలో నిజంగానే నురుగు కట్టిన నీళ్ళు పోతున్నాయి.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. కోటలు పడిపోతాయి, ఆ సంగతి కీర్తన రాసిన ఆయనకూ తెలుసు, అందుకే కొండలే సముద్రంలో పడినా అంటున్నాడు. ఆ రాత్రి నాకు దొరికిన దుర్గం ఒక మేడమీది గది, అక్కడికి నన్ను పిలిచిన గొంతు. ఆ గొంతును దేవుడే పంపాడని నా నమ్మకం. అమ్మాయి విని, "మరి మీ ఇంట్ల సామాన్లు?" అంది. బీరువా పాడైందని చెప్పాను. "అయ్యో" అని నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూపించలేదు.

పండుగ రోజు పిల్లలు వరసగా నిలబడి పాడారు. దుర్గము అన్న మాట రాగానే మా మూడో తరగతి వాడు చెయ్యి చాపి ఖిలా వైపు చూపించాడు. వాణ్ణి చూసి మిగతా పది మందీ చూపించారు. నేను నేర్పలేదు. పాస్టరు అయ్యగారు ఆశ్చర్యంగా ఆ వైపు తిరిగి చూశారు. అక్కడ గోడ, గోడ మీద క్యాలెండరు తప్ప ఏం లేదు.

ఆరాధన అయ్యాక పులిహోర పంచుతుంటే వాడు నోటినిండా పెట్టుకుని నా చీర కొంగు లాగాడు.

"టీచర్, కీర్తనల సైన్యములకు అధిపతి అని ఉంది కదా, అంటే ఏంది?"

"ముందు నమిలి మింగు" అన్నాను.