డలానెగా ఫీజు, మన లోకల్ లెక్క

“ఆ కుర్రాడు సైన్యం ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నువ్వేం పెట్టావు?” అని మా ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను నిలదీశాడు. వయసులో ఉండగా సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, మామూలుగా ఎవరినీ పల్లెత్తు మాట అనడు. నేను అన్నదల్లా ఇంతే: న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా అక్క కొడుకు ఇక్కడి జార్జియా రాష్ట్రంలో డలానెగా అనే ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియాలో కేడెట్‌గా చేరి, మొదటి సెమిస్టర్ నుంచే జార్జియా పిల్లల ఫీజు కట్టాడు, ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివిన మా అమ్మాయికి మాత్రం వీసా కాగితాల బెడద వదలడం లేదు.

స్థానికత లెక్కలు మనకు కొత్త కావు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 85 శాతం సీట్లు, నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూసి పెరిగినవాళ్లమే. ఇక్కడ ఆ పేచీ సీటు దగ్గర కాక ఫీజు దగ్గర వస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు రాష్ట్రం పన్నుల సొమ్ము ఇస్తుంది కనుక, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడు చాలాచోట్ల రెండు మూడింతలు చెల్లించాలి. డలానెగాలో కార్ప్స్ ఆఫ్ కేడెట్స్‌లో, అంటే చదువుతోపాటు సైనిక శిక్షణ పొందే విద్యార్థుల దళంలో, చేరిన బయటి రాష్ట్రాల విద్యార్థులకు ఆ అదనపు మొత్తాన్ని మినహాయిస్తారు. అక్కడ చదువూ కవాతూ మొదటినుంచీ కలిసే నడిచాయి: భూమి గ్రాంటుతో వెలిసే కళాశాలలు సైనిక విద్య కూడా నేర్పాలని 1862 చట్టం నిర్దేశించింది, 1873లో ఆ ఊళ్లో పాత టంకశాల భవనంలో కళాశాల తెరిచారు, కాలేజీల్లోనే సైనికాధికారులను తయారుచేసే శిక్షణకు దేశమంతటా ఆర్.ఓ.టీ.సీ. అన్న రూపం 1916లో వచ్చింది.

మేముండే కమ్మింగ్ నుంచి జీఏ 400 రహదారి మీద ఉత్తరానికి వెళ్తే అరగంట పైచిలుకు ప్రయాణం కనుక, వాణ్ణి చూడడానికి అప్పుడప్పుడు వెళ్తుంటాము. ఇంట్లో కప్పుకున్న దుప్పటి ఏనాడూ మడవని పిల్లవాడు, మంచం మీద పక్కగుడ్డ అంచును అరచేత్తో నొక్కి నొక్కి, మూల మడత సరిగ్గా వచ్చేదాకా మూడుసార్లు విప్పి మళ్లీ మడిచాడు. వీడియో కాల్‌లో వాడి తల చూసిన మా అమ్మ, తిరుపతి ఎప్పుడు వెళ్లొచ్చావురా అని అడిగింది. సైన్యం ఇచ్చే కేడెట్ స్కాలర్‌షిప్ వచ్చినవారికి నెలనెలా 420 డాలర్ల భత్యం కూడా ఉంటుంది. ఆ అంకె వినగానే మా అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. స్కాలర్‌షిప్ లేనివారు మొదటి రెండేళ్లలో ఏ బాధ్యతా లేకుండా తప్పుకోవచ్చు. మూడో ఏట సైన్యంతో ఒప్పందం వస్తుంది, దానితో మొత్తం ఎనిమిదేళ్ల సేవకు కట్టుబడతారు. అందులో కొంత క్రియాశీల సైన్యంలో గడిస్తే, మిగిలినది రిజర్వు కింద సాగుతుంది. వాడు ఈ ఏడు ఆ సంతకం పెట్టాడు, ఆ రాత్రి మా అక్క నిద్రపోలేదు.

కాబట్టి పెద్దాయన మాటలో న్యాయం లేదని నేను అనను. “రేపు నీకు టెక్సస్‌లో మంచి ఉద్యోగం దొరికితే పోతావు, వాడు ఎక్కడ ఉండాలో ఇంకొకరు నిర్ణయిస్తారు” అన్నాడాయన. నాకు మింగుడుపడనిది ఆ రెండో ముక్కే. నాలా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద బతికేవాడు ఎక్కడ ఉండాలో అతని చేతిలో ఉందా? ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు, ఆలోగా మరో దారి దొరకకపోతే ప్రయాణం కట్టుకోవాలి. భారతీయుల గ్రీన్ కార్డు వరుస పదేళ్లు దాటినా కదలదు. ఈలోగా అమ్మాయికి ఇరవై ఒకటి నిండితే నా వీసా నీడ పోతుంది, పుస్తకాలు తెరిచిన తరగతిలోనే విదేశీ విద్యార్థిగా మారవలసి వస్తుంది. పన్నులు, బడి పన్నుతో సహా, నాకూ పొరుగువాడికీ ఒకే రేటు.

నా వాదనకు ఆయన, అయితే మీ అమ్మాయినీ కేడెట్ స్కాలర్‌షిప్‌కు పెట్టమను అన్నాడు. దానికి అమెరికా పౌరసత్వం ఉండాలని, ఒప్పందం మీద సంతకానికి మా అమ్మాయి సిద్ధపడినా ఎవరూ కాగితం ముందు పెట్టరని చెబితే, ఇన్నేళ్లు సైన్యంలో ఉన్న మనిషి తెల్లబోయాడు. అది అన్యాయం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తుపాకీ పట్టే దళానికి నాయకత్వం వహించేవాడు ఆ దేశ పౌరుడై ఉండాలనడంలో తప్పేముంది? మన సైన్యమైనా ఊరికే తీసుకుంటుందా? నా ఫిర్యాదు హోప్ స్కాలర్‌షిప్ మీద. 1993 నుంచి జార్జియా లాటరీ సొమ్ముతో నడుస్తున్న ఆ పథకానికి మార్కులు ఎన్ని ఉన్నా తల్లిదండ్రుల హెచ్-1బీ నీడన హెచ్-4 వీసా మీద ఉండే పిల్లలు పనికిరారు, పెట్రోలు బంకులో మా ఆయన కొనే టికెట్లు మాత్రం పనికొస్తాయి.